తల మీద ఒట్టు

స్ట్రిప్పు రంగు మారలేదు.

మెహజబీన్ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూసింది. డబ్బా మీద అచ్చువేసిన రంగుల పక్కన పెట్టి చూసింది. ముదురు వంకాయ రంగుకు తిరగాల్సిన కొస పాలిపోయి ఉంది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఇది మూడో రోజు.

"అత్తా, ఇట్ల రా," అంది.

వాకిట్లో కోడిగుడ్లు కడుగుతున్న మాబున్నీకి ఆ పిలుపులోనే సంగతి తెలిసిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. మెహజబీన్ ఆమెకు కోడలే కాదు, కోయిలకుంట్లలో ఉన్న అన్న కూతురు కూడా. చంకనెత్తుకుని తిప్పిన పిల్ల. ఆ గొంతులో భయం ఎట్లా ఉంటుందో, కోపం ఎట్లా ఉంటుందో మాబున్నీకి విడివిడిగా తెలుసు. ఇప్పుడు వినిపించింది భయం.

"రాలేదా?"

"నువ్వే చూడు."

కళ్లజోడు లేకపోయినా కనిపించింది.

హుమేరాకు ఎనిమిదేళ్లు. ఐదు నెలల కిందటి దాకా ఆ పిల్లకు రోజుకు ఐదారుసార్లు ఫిట్స్ వచ్చేవి. మాత్రలు మార్చారు, పెంచారు, మళ్లీ మార్చారు. ఆఖరి మాత్రకు ఫిట్స్ తగ్గలేదు గానీ పిల్ల మాత్రం మాటలు మరిచిపోయింది. పేరు పెట్టి పిలిస్తే నిద్రలోంచి లేచినట్టు చూసేది. అప్పుడు నంద్యాల డాక్టరమ్మ ఈ తిండి రాసింది. అన్నం లేదు, రొట్టె లేదు, పండు లేదు. నెయ్యి, గుడ్లు, కొబ్బరి, గానుగ నూనె, కొవ్వున్న మాంసం, గోంగూర, బీరకాయ. అదీ గ్రాముల్లో తూచి. ప్యాకెట్లో వచ్చేది ఏదీ గడప దాటి లోపలికి రాకూడదు. ఒంట్లో అన్నానికి బదులు నెయ్యి మండుతున్నంత కాలం మూత్రంలో ముంచిన స్ట్రిప్పు వంకాయ రంగుకు తిరుగుతుందని, ఆ రంగు ఉన్నంత కాలం ఫిట్స్ దూరంగా ఉండే వీలుందని చెప్పింది. ఎనభై రోజులుగా దూరంగానే ఉన్నాయి.

ఇప్పుడు రంగు పోయింది. ఇంక ఏది ఏ క్షణాన వస్తుందో ఎవరికి తెలుసు?

"ఎవరో పెట్టినారు," అంది మెహజబీన్. "నేను తూచిందే తింటే ఇట్ల కాదు. ఎవరో దొంగతనంగా పెడతాండారు."

స్నానం చేసి వచ్చిన ఇంతియాజ్ తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మాబున్నీకి ఒక్కగానొక్క కొడుకు. బస్టాండు పక్కన మోటారు సైకిళ్ల రిపేరు షెడ్డు అతనిది.

"ఎవరని తెలిస్తే మాత్రం గడప తొక్కనియ్య," అన్నాడు. "నా సొంత మనిషైనా సరే."

మాబున్నీ తల వంచుకుంది.

మెహజబీన్ కూతుర్ని పిలిచి ముందర కూర్చోబెట్టుకుంది. రెండు జడలు, పైపళ్లలో సందు. పిల్ల అమ్మ మొహం చూసి ముందే బెదిరిపోయింది.

"ఎవరు పెట్టినారు చెప్పు. కొట్టను."

హుమేరా అబ్బా వైపు చూసింది. దాదీ వైపు చూసింది. తర్వాత కాలి బొటనవేలితో బండను రుద్దుతూ కూర్చుంది. ఆ చూపు తన మీదికి వచ్చినప్పుడు మాబున్నీ గుమ్మడికాయల దొంగలా కొంగు సర్దుకుంది. కోడలు చూసిందేమోనని మళ్లీ కొంగు వదిలేసింది.

"చెప్పదు. ఎవరో చెప్పొద్దన్నారు," అంది మెహజబీన్. "సరే. ఈ ఇంట్లో ముగ్గురం ఉండాం. దీని తల మీద చెయ్యి పెట్టి చెప్పండి. ముందు నేను." పిల్ల తల మీద అరచెయ్యి ఆనించింది. "నా చేత్తో ఒగ మెతుకు గూడా ఎక్కువ పెట్టలేదు. అత్తా, నువ్వు చెప్పు."

చెప్పక తప్పుతుందా? చెయ్యి వెనక్కి తీసుకుంటే అక్కడే దొరికిపోతుంది. మాబున్నీ చెయ్యి చాపింది. నూనె రాసిన జుట్టు వేళ్లకు చల్లగా తగిలింది.

"నేను తీపి పెట్టలేదు," అంది.

ఆ మాట అబద్ధమా నిజమా అని అల్లానే అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పలేని స్థితి ఆమెది. చాగలమర్రి దారిలో ఉన్న దర్గాకు ప్రతి గురువారం పోతుంది. దర్గా చూసుకునే ముజావరు ఫాతెహా చదివి, చక్కెర కాగితంలో మడిచి ఇస్తాడు. ఇంటికి తెచ్చి, కోడలు పెరట్లో ఉన్నప్పుడు, చిటికెడు హుమేరా నాలుక మీద వేస్తుంది. ఫాతెహా చదివిన తర్వాత అది చక్కెర ఎట్లా అవుతుంది? అది తబర్రుక్. దర్గా నుంచి వచ్చిన దీవెన. దీవెనను గ్రాముల కాటాలో పెడతారా ఎవరైనా? పెడుతుంది, మెహజబీన్ పెడుతుంది. అందుకే పిల్లతో "మీ అమ్మకు చెప్పొద్దులేమ్మా" అంది. అంతే ఆమె చేసిన పాపం. నిన్నటి దాకా అది పాపమని కూడా అనిపించలేదు. ఎనభై రోజులు ఫిట్స్ రాకపోవడంలో నెయ్యి వాటా ఎంతో, ఆ చిటికెడు వాటా కూడా అంతేనని ఆమె నమ్మకం.

ఇప్పుడు ఆ నమ్మకంతోనే పిల్ల తల మీద ఒట్టు పెట్టింది. ఒట్టు అబద్ధమైతే తగిలేది పెట్టిన మనిషికి కాదు, ఆ తలకు.

"నువ్వు?" అంది మెహజబీన్ మొగుడి వైపు తిరిగి.

"నాకేం ఖర్మ, నా బిడ్డకు నేను పెట్టుకుంటానా?" ఇంతియాజ్ అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు. "ఇంట్లో ఒట్లు పెట్టుకుంటా కూచుంటే అయితాదా? అడగాల్సింది ఆ బడి ఆమెను. మధ్యాన్నం దీని డబ్బా తెరిచేది ఆమేగదా."

చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు.

బడి ఆమె అంటే కృపావతి. రెండిళ్ల అవతల ఉంటుంది. హుమేరా చదివే బడిలోనే టీచరు. ఫిట్స్ వచ్చే పిల్లను ఏ బడీ చేర్చుకోనంటే, నా పక్కన కూర్చోబెట్టుకుంటానని హెడ్మాస్టరుకు మాటిచ్చి చేర్పించిన మనిషి. ఇంతియాజ్ ఆమె గుమ్మం ముందు నిలబడి అడిగిన తీరుకు వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి.

"ఏం పెట్టినావు నా బిడ్డకు? బిస్కత్తా? అన్నమా?"

కృపావతి జడ వేసుకుంటూ బయటికి వచ్చింది. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"అన్నా, ఆ బిడ్డ ముందర నా డబ్బా గూడా తెరవను నేను. అది చూసి ఆశపడుతాదని బిడ్డలంతా తిన్నాక తింటాండా. నాలుగు నెలల నుంచి చల్లటి అన్నమే నాకు."

"మరి ఎట్ల పోయింది రంగు?"

"నన్ను అడుగుతాండావే. పోయి మీ ఇంట్లో వెతుక్కో పోన్నా."

మాబున్నీ తమ గడప మీదే నిలబడి ఉంది. ఇంకో రెండు అడుగులు వేసి, "దాన్నేమీ అనొద్దురా" అంటే చాలు. ఆ అడుగులు పడలేదు. దొంగకు తేలు కుట్టినట్టు, కుట్టిన చోటు చూపించలేదు, నొప్పి దాచలేదు. కృపావతి తలుపు వేసుకునే ముందు ఒక్కసారి మాబున్నీ వైపు చూసింది. రేపటి నుంచి హుమేరా పక్కన ఎవరు కూర్చుంటారు అనే ఆలోచన మాబున్నీకి అప్పుడొచ్చింది.

మెహజబీన్ అప్పటికే నంద్యాలకు ఫోన్ చేసి మాట్లాడేసింది. "తొందరగా తీసుకరమ్మంటాంది డాక్టరమ్మ," అంది ఎవరి మొహమూ చూడకుండా. "మధ్యలో ఏమన్నా అయితే పక్కకు తిప్పి పండబెట్టి, టైము చూసుకోమంటాంది."

బస్సులో హుమేరా కిటికీ పక్కన, ఆమె పక్కన మాబున్నీ. ముందు సీట్లో మెహజబీన్, ఒళ్లో స్టీలు డబ్బా. అందులో రెండు ఉడికించిన గుడ్లు, నెయ్యిలో వేయించిన కొబ్బరి ముక్కలు. ఇంతియాజ్ వెనక ఎక్కడో నిలబడ్డాడు.

మాబున్నీ పిల్ల మొహం మీది నుంచి కళ్లు తిప్పలేదు. రెప్ప వేసిందా, వేసింది. వేలు కదిలిందా, కదిలింది. శిరివెళ్ల దాటాక హుమేరా చూపు కిటికీలోంచి ఎక్కడో ఆగిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది.

"హుమేరా."

పలకలేదు.

"అమ్మా, హుమేరా." భుజం పట్టుకుంది. ముందు సీటును తట్టబోయి ఆగింది. పొరపాటైతే కోడలి ప్రాణం ఇక్కడే పోతుంది. పొరపాటు కాకపోతే?

"ఏంది దాదీ?" అంది హుమేరా తిరిగి. "ట్రాక్టరు మీద కుక్క కూచోనుండాది. నువ్వు చూడలే."

మాబున్నీ పిల్లను దగ్గరికి తీసుకుంది. హుమేరా ఆమె చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడింది.

"దాదీ, తబర్రుక్ సంగతి నేను చెప్పలే. నువ్వు చెప్పొద్దన్నావు గదా. ఎవరికీ చెప్పలే."

మెచ్చుకోమన్నట్టు చూసింది. మాబున్నీ మెచ్చుకోలేకపోయింది, తిట్టలేకపోయింది. ఎనిమిదేళ్ల పిల్లకు తన కోసం నోరు కట్టుకోవడం నేర్పింది తనే. అమ్మ కన్నీళ్లు పెట్టుకున్నా ఆ పిల్ల మాట తప్పలేదు.

డాక్టర్ విష్ణుప్రియ అహోబిలం వాళ్ల బిడ్డ. తండ్రి రామానుజం గుడి సేవలో ఉంటాడు. చదువు యాడ చదివినా మాట మాత్రం మారలేదని ఆమె దగ్గరికి వచ్చే వాళ్లంతా సంతోషంగా చెప్పుకుంటారు. ఆరోజు మాత్రం ఆమె ఎక్కువ మాట్లాడలేదు. హుమేరా బరువు చూసింది, మోకాలి మీద తట్టింది, మళ్లీ స్ట్రిప్పు పెట్టించింది. మెహజబీన్ రోజూ రాసుకునే తిండి నోట్సు ఒక్కో పేజీ తిప్పింది.

"తూకంలో తప్పేం లేదు," అంది చివరికి. "చానా బాగా చేస్తాండావు. మరి ఇంత సరిగ్గా చేసినా నిలబడలేదంటే రెండే దారులు. తెలియకుండా ఏదో లోపలికి పోతాండాలి. లేదంటే ఈ తిండి ఇంగ ఈ బిడ్డకు పనిచేయడం లేదనుకోవాల."

"పనిచేయకుంటే?"

"మాత్ర మళ్లీ మొదలుపెట్టాల."

"ఆ మాత్రేనా?"

డాక్టరమ్మ అవునన్నట్టు తలూపింది.

మెహజబీన్ ఏడవలేదు. డబ్బా మూత మీద గోటితో గీస్తూ కూర్చుంది. పిల్ల మళ్లీ మాటలు మరిచిపోవడం, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోవడం, అవన్నీ ఆమెకూ, పక్కన మాబున్నీకీ, వెనక నిలబడిన ఇంతియాజ్‌కూ కళ్ల ముందు కదిలాయి.

"ఒగటి అడుగుతా, కోపం చేసుకోవద్దండి," అంది డాక్టరమ్మ. "మా ఇంట్లోనైతే మా నాయనమ్మ ప్రసాదాన్ని తిండి లెక్కలో వేసేది కాదు. పానకం గ్లాసుడు తాగి, పొద్దున్నించి ఏమీ తినలేదనేది. మీ ఇంట్లో అట్లాటిది ఏమన్నా ఉందా? దర్గా నుంచి గానీ, మసీదు నుంచి గానీ?"

మాబున్నీ పిల్ల గౌను అంచు సర్దడం మొదలుపెట్టింది.

"లేదు డాక్టరమ్మా," అంది మెహజబీన్. "మా అత్త అట్ల చేసే మనిషి గాదు. పొద్దున్నే బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పింది. ఎవరినైనా అనుమానిస్తా గానీ ఆమెను అనుమానించను."

తిట్టినా బాగుండేది. ఆ నమ్మకం మాబున్నీకి చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. డాక్టరమ్మ పెన్ను తీసింది. చీటీ మీద హుమేరా పేరు రాసింది, వయసు రాసింది. తర్వాత రాయబోయేది మాత్ర పేరు. చెప్తే కొడుకు గడప తొక్కనియ్యడు, ఈ పిల్లను మళ్లీ చూసే రాత ఉందో లేదో. చెప్పకుంటే ఆ మాత్ర పిల్లను మింగుతుంది. పైగా తల మీద ఒట్టు.

"నేను పెట్టినా," అంది మాబున్నీ.

పెన్ను ఆగింది.

"ప్రతి బేస్తవారం. తబర్రుక్. ఫాతెహా చదివిన చక్కెర. దీన్ని కాపాడమనే పెట్టినా. అది తీపని నాకు తోచలేదమ్మా. పొద్దున ఒట్టు పెట్టినప్పుడు మాత్రం తోచింది. అయినా పెట్టినా." ఆమె కోడలి వైపు తిరిగింది. "ఆ ఒట్టు నా మీద పడాల, దాని మీద పడకూడదు. అందుకే చెప్తాండా. నన్ను ఏమన్నా అను."

మెహజబీన్ ఆమెను చూస్తూనే ఉండిపోయింది.

"పొద్దున కృపావతిని అందరి ముందరా అంటాంటే..." అంది. "నువ్వు గడప మీదే ఉండావు గదత్తా."

"ఉన్నా."

"చూస్తా ఉండావు."

మాబున్నీ అవునని తల ఊపింది.

"పెద్దమ్మా, ఎంత పెట్టినావు?" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. మాబున్నీ బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించింది. "అంతే? రోజు విడిచి రోజు గానీ, ఎక్కువసార్లు గానీ?"

"లేదమ్మా. బేస్తవారం మాత్రమే. మొదటి వారం నుంచి."

డాక్టరమ్మ నోట్సు వెనక్కి తిప్పింది. వేలితో గడుల మీద లెక్కపెట్టింది.

"ఈరోజు బుధవారం. నువ్వు పెట్టి ఆరు దినాలయింది. శుక్రవారం రంగు బాగుంది, శనివారం బాగుంది, ఆదివారం పొద్దున బాగుంది. సోమవారం నుంచి పోయింది." తలెత్తింది. "నువ్వు చేసింది తప్పే పెద్దమ్మా, ఇంగ అది గూడా వద్దు. దువా చెయ్యి, నాలుక మీద ఏమీ వేయొద్దు. కానీ ఈ రంగు పోయింది నీ చిటికెడుతో గాదు. ఆదివారం తర్వాత ఈ బిడ్డకు రోజూ ఏదో పెడతాండారు. చిటికెడు గాదు, చేతి నిండా."

మెహజబీన్ ఆ గడుల మీదికి వంగి చూసింది.

హుమేరా దాదీని చూసింది. దాదీ చెప్పేసింది, ఎవరూ కొట్టలేదు. ఆ పిల్లకు అదే ధైర్యం ఇచ్చినట్టుంది. గోడకు ఆనుకుని నిలబడిన తండ్రి వైపు తిరిగింది.

"అబ్బా, బన్ను సంగతి గూడా చెప్పాల్నా?"

మాబున్నీ కొడుకు మొహం చూసింది. పొద్దున పిల్ల చూపు తన మీద పడ్డప్పుడు తన మొహం ఎట్లా ఉండి ఉంటుందో ఇప్పుడు ఆమెకు తెలిసింది.

"ఆదివారం సాయంత్రం," అన్నాడు ఇంతియాజ్. "షెడ్డు కాడికి తీసకపోయినా. పక్కన టీ అంగట్లో పిల్లోల్లు తింటాంటే చూసి ఏడ్చింది. ఐదు నెలలైంది గదా, ఒగ ముక్కకు ఏమైతాదని... మర్నాడు మళ్లీ అడిగింది."

"నిన్న?"

"నిన్న గూడా."

"ముక్కనా, బన్నా?"

"బన్ను."

మెహజబీన్ మొగుడి వైపు తిరగలేదు. గొంతు పెంచలేదు. హుమేరాను దగ్గరికి లాక్కుని, రెండు చేతులతో పొట్ట చుట్టూ పట్టుకుంది. ఆ పట్టు చూసి మాబున్నీకి కొత్త భయం పట్టుకుంది. అరిచే మనిషిని ఆపవచ్చు. ఇట్లా మౌనంగా తేల్చుకునే మనిషిని ఎవరు ఆపుతారు?

డాక్టరమ్మ చీటీ మడిచి పక్కన పెట్టింది.

"మాత్ర ఇప్పుడు రాయను. పది దినాలు చూస్తా. ఈ రెండు మూడు దినాలే చానా జాగ్రత్త, రంగు తిరిగి వచ్చే లోపల ఫిట్స్ వచ్చినా రావచ్చు. వస్తే ఎంతసేపైనా చూసుకుంటా కూచోవద్దు, ఐదు నిమిషాలు దాటితే దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే." ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూసింది. "పది దినాలు ఒగరి చేతి తిండే పోవాల. రెండో చెయ్యి ఉండకూడదు. అది ఎట్ల చేస్తారో మీరే తేల్చుకోండి. ఈసారి గూడా ఇట్లే వస్తే నేను ఆ మాత్ర రాయక తప్పదు."

"తేల్చుకున్నా డాక్టరమ్మా," అంది మెహజబీన్.

లేచి నోట్సు సంచిలో పెట్టుకుంది. హుమేరా చెయ్యి పట్టుకుంది. ఇంతియాజ్ ఒక అడుగు ముందుకు వేశాడు, "మెహజబీన్" అన్నాడు. ఆమె అతన్ని దాటుకుని మాబున్నీ ముందు నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది. పుట్టింటికి పోయే ఆడబిడ్డ దారి అడిగినట్టే అడిగింది.

"అత్తా, ఈడ నుంచి కోయిలకుంట్లకు బస్సు ఎన్నింటికి?"

అన్న ఇంటికి ముప్పై ఏళ్లుగా పోయి వస్తున్న దారి. ఏ బస్సు ఎప్పుడో, ఏది ఆలస్యమో మాబున్నీకి కంఠతా వచ్చు. తెలియదంటే కొంతసేపు ఆగుతారేమో. ఆ కొంతసేపట్లో కొడుకు కాళ్లో వేళ్లో పట్టుకుంటాడేమో. రెండు గంటల ప్రయాణంలో, దారి మధ్యలో, పిల్ల కళ్లు నిజంగానే ఆగిపోతే పక్కన మెహజబీన్ ఒక్కతే ఉంటుంది. ఇంటికి తీసుకుపోతే మళ్లీ అదే షెడ్డు, అదే టీ అంగడి, అదే తను.

హుమేరా ఆమె కొంగు పట్టుకుని, నువ్వు గూడా వస్తాండావా అన్నట్టు చూస్తోంది.

"రెండున్నరకు ఒగటుంది," అంది మాబున్నీ. "ఇప్పుడే బయలుదేరితే అందుతాది."